పేరు నిలిపినవారు



మన పల్లెలలో నొక భజన సమాజము ముప్పది నలువది యేండ్లు సాగుట యరుదు గాదు. పాడువారు మారుదురు, తాళము వేయువారు మారుదురు. సమాజము పేరు మాత్రము మారదు. పూర్వము కాశిలో జూచిన దేవదత్తుడే వీడని పోల్చుకొనుటను శాస్త్రకారులు ప్రత్యభిజ్ఞ యందురు. దేవదత్తు డొక్కడు గనుక పోల్చుట సులభము. పలువురు చేరిన బృందమును ఎవరిని జూచి పోల్చవలెను? ఈ ప్రశ్న న్యాయస్థానము వరకు బోయిన యొక వృత్తాంతమును మనవి చేసెదను. అది 1967లో ఇంగ్లండున బుట్టిన ఫ్లీట్‌వుడ్ మాక్ అను రాక్ సంగీత బృందము కథ.

రాక్ సంగీతమున విద్యుత్తుచే నాదము పెంచిన గిటారులు ప్రధానము. ముందు నిలిచి పాడువారును, గిటారు మీటువారును జనుల కన్నులబడుదురు. వెనుక మంద్రస్థాయిలో బేస్ గిటారు వాయించువాడును, డ్రమ్ములు వాయించువాడును లయను గాచుచుందురు. మన కచేరిలో మార్దంగికుని వలెనే వారికిని పని హెచ్చు, పేరు తక్కువ.

పీటర్ గ్రీన్ అను యువకుడు 1966లో జాన్ మేయల్ బృందమున ఎరిక్ క్లాప్టన్ విడిచిన స్థానమున గిటారు వాయించి ఖ్యాతి గాంచెను. మరుసటి యేట సొంత బృందము గట్టినపుడు దానికి తన పేరు పెట్టుకొనలేదు. డ్రమ్ములు వాయించు మిక్ ఫ్లీట్‌వుడ్ ఇంటిపేరును, బేస్ వాయించు జాన్ మెక్‌వీ ఇంటిపేరున మొదటి తునకను గలిపి పేరు పెట్టెను. చిత్రమేమనగా మెక్‌వీ యప్పటి కింకను చేరనే లేదు. స్థిరమైన రాబడి విడుచుటకు జంకి మేయల్ వద్దనే యుండెను. ఆగస్టులో విండ్సరు ఉత్సవమున జరిగిన తొలి కచేరిలో బేస్ వాయించినది మరియొకడు. కొన్ని వారములకు మెక్‌వీ వచ్చెను. పేరు ముందు, మనిషి వెనుక! తా నెన్నడైన విడిచిపోయినను ఆ యిద్దరికి బృందము మిగులవలెనని గ్రీన్ తలచెనట. తరువాతి కాలమున ఫ్లీట్‌వుడ్ ఈ మాట చెప్పియున్నాడు.

గ్రీన్ అన్నంత పనియు జేసెను. ధనము నందు విరక్తియు, మాదకద్రవ్యములచే జెదరిన మనస్సును గలవాడై 1970లో వెడలిపోయెను. 1971లో లాస్ ఏంజెలీసున జెరెమీ స్పెన్సర్ అను మరియొక గిటారువాడు పుస్తకముల యంగడికి బోయి వచ్చెదనని వెడలి, తిరిగి రాక యొక మతశాఖలో గలిసిపోయెను. 1968లో పదునెనిమిదేండ్ల వాడై చేరిన డానీ కిర్వాన్ 1972లో కచేరికి ముందు గిటారు పగులగొట్టి వేదిక నెక్కనన్నాడు, అతనిని దొలగించిరి. ఇన్నిటి నడుమను లయ తప్పలేదు. మెక్‌వీ భార్య క్రిస్టీన్ 1970లో చేరి పాడుటయే గాక పియానో వాయించుచు, పాటలు గట్టుచు బృందమునకు బలమయ్యెను.

1973 చివర అమెరికాలో నొక యాత్ర నడుమనే యాగిపోయెను. నిర్వాహకుడు ఆ పేరు తనదని వాదించి, 1974 జనవరిలో బృందముతో నే సంబంధమును లేని వాద్యకారులను సమకూర్చి, ఫ్లీట్‌వుడ్ మాక్ అనియే యమెరికాకు బంపెను. టిక్కెట్టు కొన్నవారు మోసమని గోల చేసిరి. అసలువారు న్యాయస్థానము నాశ్రయించి యా కచేరులను ఆపించిరి. వ్యాజ్యము ఏండ్లు సాగి తుదకు రాజీ యయ్యెను. ఎవరి యింటిపేరులతో నా పేరు గట్టబడెనో వారే తమ పేరుకై వ్యాజ్యెమాడవలసివచ్చెను గదా! ఆ వాయించినవారు చేతగానివారు గారని నే నెరుగుదును. అయినను నేర్పు వేరు, వారసత్వము వేరు.

అదే సంవత్సరము వారు కాలిఫోర్నియాకు వలసపోయిరి. అచట శబ్దగ్రహణశాల నొకదానిని జూడబోయిన ఫ్లీట్‌వుడ్‌కు మచ్చునకై యొక పాట వినిపించిరి. గిటారు వాయించినవాడు లిండ్సే బకింగ్‌హామ్. రమ్మని యడుగగా, తనతో బాడు స్టీవీ నిక్స్‌ను గూడ దీసికొన్నగాని రానన్నాడు. 1974 కడపటి దినమున నిరువురును చేరిరి. 1977లో వెలువడిన రూమర్స్ అను పాటల సంపుటము లోకమున నాలుగు కోట్లకు మించి యమ్ముడైనది. దానిని జేయునపుడు మెక్‌వీ దంపతులు విడిపోవుచుండిరి, బకింగ్‌హామ్ నిక్స్‌ల చెలిమియు దెగిపోవుచుండెను. ఒకరిపై నొకరు పాటలు గట్టి, ఆ నిందపాట లన్నింటికి నందరును గలిసి వాయించిరి. మన యన్నదమ్ములు పాలు పంచుకొను దినమున గలిసి భోజనము చేయుట కంటెను ఇది కష్టము.

తరువాతి రాకపోకలు వేగముగా జెప్పెదను. బకింగ్‌హామ్ 1987లో విడిచెను, అతని చోట నిద్దరు వచ్చిరి. 1990వ దశకపు టాదిని నిక్స్ విడిచెను. 1997లో పాతవా రైదుగురును మరల గలిసిరి. క్రిస్టీన్ 1998లో మానుకొని 2014లో మరల వచ్చెను. 2018లో బకింగ్‌హామ్‌ను దొలగింపగా నతడును న్యాయస్థానమునకు బోయి రాజీపడెను. అప్పుడును ఒక్కని చోట నిద్దరు గావలసివచ్చిరి. 1974లో పేరుకై కలిగిన వ్యాజ్యమునకును దీనికిని భేదము గలదు. ఈసారి పే రెవరిదని ఎవరును సందేహింపలేదు.

2019తో వారి చివరి యాత్ర ముగిసెను. క్రిస్టీన్ 2022 నవంబరు 30న మరణించెను. గ్రీన్ అంతకు ముందే, 2020 జులైలో 73 యేండ్ల వయసున గన్నుమూసెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో, లండను పల్లాడియము నాటకశాలయందు, అతని పాటలతో నతని గౌరవార్థము గొప్ప కచేరి యొకటి జరిగెను. దానిని సమకూర్చి డ్రమ్ముల ముందు గూర్చున్నవాడు మిక్ ఫ్లీట్‌వుడ్.