దోర్నకల్ కెథడ్రల్

కెథడ్రల్ అనగానే ఒక మహానగరమూ, మేఘాలను తాకే శిఖరమూ మనసులో మెదులుతాయి. నిజానికి ఆ పేరుకు పరిమాణంతో పనిలేదు. బిషప్ పీఠం ఎక్కడ ఉంటే అక్కడి చర్చే కెథడ్రల్. కాజీపేట - విజయవాడ రైలుమార్గంలో, భద్రాచలం రోడ్డు బండి ఎక్కవలసినవారికి మాత్రమే గుర్తుండే దోర్నకల్‌కు ఆ గౌరవం దక్కింది అందుకే. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆనాడు నిజాం రాజ్యంలో ఒక చిన్న ఊరు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన తొలి భారతీయుడాయన. పుట్టింది 1874లో, తిరునెల్వేలి ప్రాంతంలో. తెలుగు నేర్చుకున్న భాష. అంతకు రెండేళ్ళ ముందే ఎడిన్‌బరో మహాసభలో, తెల్ల మిషనరీలు భారతీయ క్రైస్తవులను స్నేహితులుగా చూడడం లేదని వారి ముఖం మీదే చెప్పివచ్చిన మనిషి.

ఆ మాట అన్నవాడు కట్టించే గుడి ఎలా ఉండాలి? 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి గోథిక్ పద్ధతిలో లేచింది. అందమైనదే, కాదనను. కానీ అది ఇంగ్లండు నుంచి వచ్చిన అందం. దోర్నకల్‌లో మసీదులను తలపించే గుమ్మటాలూ, మినార్లూ ఉన్నాయి. లోపలికి వెళితే దక్షిణాది దేవాలయాల మండప స్తంభాలు. ఏళ్ళ తరబడి సాగిన నిర్మాణం 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠతో ముగిసింది. యూదులు కాని తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన క్రీస్తును దర్శించిన రోజది. కెథడ్రల్‌కు పెట్టిన పేరూ అదే.

దీన్ని కేవలం శిల్పశైలుల సమ్మేళనమని మెచ్చుకుని వదిలేయడం నాకు తృప్తినివ్వదు. ఆ స్తంభాల మధ్య ఎవరు కూర్చున్నారో కూడా చూడాలి. అజరయ్య సంఘంలో అత్యధికులు మాలలు, మాదిగలు. తిరువాన్కూరు సంస్థానం అన్ని కులాల హిందువులకూ ఆలయద్వారాలు తెరిచింది 1936లో. మిగతాచోట్ల ఆ తగవు ఇంకా నడుస్తూనే ఉంది. అటువంటి కాలంలో, గుడి గడప తొక్కనివ్వని మనుషులు గుడి స్తంభాల నడుమ దర్జాగా కూర్చుని ప్రార్థన చేసుకున్నారు. మతమార్పిడుల విషయంలో గాంధీజీకీ అజరయ్యకూ గట్టి విభేదాలుండేవి. ఆ వాదంలో ఎవరి పక్షం వహించినా, ఈ దృశ్యాన్ని పక్కన పెట్టి మాట్లాడటం కుదరదని నా అభిప్రాయం.

1945 జనవరి 1న అజరయ్య దోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన చిరకాలం పాటుపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది. ఆంగ్లికన్ దోర్నకల్, మెథడిస్టు మెదక్ రెండూ ఆనాటి నుంచి ఒకే సంఘంలో ఉన్నాయి.