అబర్డీన్ బజార్‌కు అంతర్జాల వేగం: కేబుల్‌తో పాటు కెర్నల్ పాత్ర

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఈ నగరంలో ప్రధాన వ్యాపార కేంద్రం అబర్డీన్ బజార్. తెలుగువారు గణనీయ సంఖ్యలో నివసిస్తున్న ఈ దీవులకు బయటి ప్రపంచంతో అంతర్జాల సంబంధం చాలాకాలం ప్రధానంగా ఉపగ్రహాల ద్వారానే సాగింది. చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. దీవుల మధ్య మార్గాలతో కలిపి దీని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు.

అయితే మార్గం విశాలమైనంత మాత్రాన వేగం రాదు. ఫోన్‌లోనూ సర్వర్‌లోనూ ఉండే కెర్నల్ ఆ మార్గాన్ని సరిగా వినియోగించుకోవాలి. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగం. డేటాను చిన్న ప్యాకెట్లుగా పంపడం, అందినట్టు సమాచారం వచ్చేవరకు వేచి ఉండడం, పోయినవాటిని మళ్లీ పంపడం దాని బాధ్యత. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది లైనక్స్ కెర్నలే.

భూస్థిర ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం వెళ్లి, దానికి జవాబు తిరిగి రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. సముద్రగర్భ కేబుల్‌లో చెన్నై వరకు సుమారు 1,400 కిలోమీటర్లే. కాంతి ఫైబర్‌లో సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది కనుక రానుపోను 15 మిల్లీసెకన్లు చాలు. పరికరాల జాప్యం కలిపి 25 మిల్లీసెకన్లు అనుకుందాం.

టీసీపీ విధానంలో, అందినట్టు జవాబు రాకముందే పంపగల డేటా పరిమాణాన్ని 'విండో' అంటారు. తొలి రూపంలో దాని గరిష్ఠ పరిమితి 64 కిలోబైట్లు. అర సెకను జాప్యంలో ఆ విండోతో సెకనుకు 128 కిలోబైట్లే వెళతాయి. ఉపగ్రహ మార్గం ఎంత పెద్దదైనా, 10 మెగాబైట్ల ఫైలుకు దాదాపు 80 సెకన్లు పడుతుంది. కేబుల్ మీద అదే ఫైలుకు నాలుగు సెకన్లు చాలు. అయినా సెకనుకు 100 మెగాబిట్ల సామర్థ్యాన్ని పూర్తిగా వాడుకోవాలంటే 300 కిలోబైట్లకు మించిన విండో అవసరం. 1992లో ప్రకటించిన విండో విస్తరణ ప్రమాణం ఈ అవరోధాన్ని తొలగించింది. నేటి లైనక్స్ కెర్నల్ అవసరాన్ని బట్టి స్వీకరణ బఫర్‌ను స్వయంగా పెంచుకుంటుంది.

రెండవ సమస్య రద్దీ. 2006 నుంచి లైనక్స్‌లో సాధారణంగా అమలులో ఉన్న క్యూబిక్ పద్ధతి ప్యాకెట్ నష్టాన్ని రద్దీకి గుర్తుగా భావించి వేగం తగ్గిస్తుంది. వాతావరణం వల్ల ప్యాకెట్లు పోయే ఉపగ్రహ మార్గంలో ఇది అనవసర మందగమనానికి దారి తీస్తుంది. గూగుల్ రూపొందించగా 2016లో లైనక్స్‌లో చేరిన బీబీఆర్ పద్ధతి మార్గం సామర్థ్యాన్ని, జాప్యాన్ని కొలిచి వేగాన్ని నిర్ణయిస్తుంది.

మూడవది నిరీక్షణ. ఒకే కనెక్షన్‌ను పలువురు వాడుతున్నప్పుడు ఒకరి పెద్ద డౌన్‌లోడ్ వెనుక మరొకరి చిన్న చెల్లింపు సందేశం నిలిచిపోవచ్చు. 2012లో లైనక్స్‌లో చేరిన ఎఫ్‌క్యూ-కోడెల్ పద్ధతి ఒక్కొక్క ప్రవాహానికి వేరు వరుస కల్పించి, వరుసలు పెరగకుండా చూస్తుంది. దుకాణదారుకు కనిపించే ప్రయోజనం ఇదే: డౌన్‌లోడ్ సాగుతుండగానే చెల్లింపు పూర్తవుతుంది.

కనుక నిర్వాహకులు ముందుగా జాప్యాన్ని, ప్యాకెట్ నష్టాన్ని కొలవాలి. విండో విస్తరణ నిలిపివేసి లేదని, బఫర్ పరిమితులు మార్గానికి తగినట్టు ఉన్నాయని నిర్ధారించుకోవాలి. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేసి, మళ్లీ కొలవాలి. కేబుల్‌కు అంతరాయం కలిగి ఉపగ్రహ మార్గాన్ని ఆశ్రయించవలసి వస్తే జాప్యం మళ్లీ అర సెకనుకు చేరుతుంది. దీవులకు సేవలందించే సర్వర్లు ఈ రెండు పరిస్థితులకూ సిద్ధంగా ఉండాలి.