బౌల్ అనే రెండు మాటలు

బౌలింగ్ అంటే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. బంతి పిచ్ మీద పడాలి, లేవాలి, వికెట్ వైపు దూసుకుపోవాలి. అయితే ఈ మాట పుట్టిన నాటికి బంతి లేవడం ఎరగదు, నేల మీద దొర్లడమే ఎరుగును. క్రికెట్‌లోనూ మొదట దొర్లించేవారు. చెయ్యి భుజం మీదుగా తిప్పి వేయడాన్ని నిబంధనలు పూర్తిగా ఒప్పుకున్నది 1864లో. వేసే పద్ధతి మారినా పేరు మారలేదు. దొర్లించడమనే పాత అర్థాన్ని వదలని ఆటల్లో ఒకటి అమెరికావారి పది పిన్నుల బౌలింగ్. 60 అడుగుల బాట మీద బరువైన గుండును దొర్లించి, ఆ చివర నిలబెట్టిన పిన్నులను పడగొట్టడమే ఆ ఆట.

లాటిన్‌లో 'బుల్లా' అంటే నీటిబుడగ. క్రమంగా గుండ్రని వస్తువుకూ ఆ పేరు వచ్చింది. ఫ్రెంచివారి నోట అది 'బూల్' అయి బంతిని చెప్పింది. అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లి 'బౌల్' అయింది. పోపుగారి శాసనాలకు వేలాడే సీసపు ముద్ర కూడా గుండ్రమే కనుక దానినీ బుల్లా అన్నారు, పిమ్మట శాసనాన్నే ఆ పేరుతో పిలిచారు. ఆ శాఖలోనే బిల్లు పుట్టింది, బులెటిన్ పుట్టింది. బూల్‌కు చిన్నతనం చెప్పే ప్రత్యయం తగిలిస్తే బుల్లెట్ వచ్చింది. కరెంటు బిల్లు, వార్తల బులెటిన్, తుపాకీ బుల్లెట్, బౌలింగ్ అన్నీ ఒక్క బుడగ సంతానం. మన బుడగలోనూ బకారం ఉంది కదా, వియ్యం కలుపుదామా అని నోరూరుతుంది. ఆధారం లేని వియ్యం నిలవదు, వదిలేద్దాం.

ఇంగ్లీషులో ఇంకో బౌల్ ఉంది, తినే గిన్నె. దాని పుట్టుక వేరు. అది పాత ఇంగ్లీషు 'బొల్లా', జర్మానిక్ కుటుంబపు మాట. రూపం ఒకటైనా వంశాలు రెండు. ఈ సంగతి మనకు కొత్త కాదు. ఆడుకునే బంతి వేరు, భోజనానికి కూర్చునే బంతి వేరు. రెండోది సంస్కృతపు 'పంక్తి' నుంచి వచ్చింది.

ఈ రెండు బౌల్‌లూ అమెరికా టెలివిజన్‌లోకి వెళ్లాయి. నా దృష్టిలో ఆ దేశపు ఆటల చరిత్రలో మంచి కథ ఇదే.

1950లలో టెలివిజన్‌కు బౌలింగ్ తగిన ఆట. ఇంటి కప్పు కింద ఆడతారు, వాన భయం లేదు. గుండు వెళ్లే దారి ముందే తెలుసు కనుక కెమెరా దాని కోసం వెతుక్కోనక్కరలేదు. అదే కాలంలో పిన్నులు నిలబెట్టే కుర్రాళ్ల పని యంత్రాలకు వెళ్లింది. ఆట జరిగే చోటును అంతవరకూ 'అల్లీ' అనేవారు. ఫ్రెంచిలో 'వెళ్లడం' అనే క్రియ నుంచి వచ్చిన నిర్దోషి మాట అది. కానీ ఇంగ్లీషులో సందుగొందుల వాసన పట్టుకుంది. కుటుంబాలను రప్పించాలనుకున్న యజమానులు బోర్డు మీద 'లేన్స్' అని రాయించారు.

1958లో ఓహియో రాష్ట్రం ఆక్రన్‌లో ఎడ్డీ ఎలియాస్ అనే న్యాయవాది 33 మంది ఆటగాళ్లతో ప్రొఫెషనల్ బౌలర్స్ అసోసియేషన్ స్థాపించాడు. ప్రొఫెషనల్ అన్నది 'బహిరంగంగా ప్రకటించు' అనే లాటిన్ క్రియకు వారసురాలు. ఒకప్పుడు మఠంలో చేరే సన్యాసి చేసే ప్రతిజ్ఞకు ఆ మాట. ఇదే నా బతుకు అని పదిమంది ముందు చెప్పినవాడే ప్రొఫెషనల్. బౌలర్లు ఆ మాట చెప్పడానికి 1962లో ఏబీసీ నెట్‌వర్క్ వేదిక ఇచ్చింది. ఆ ఆటకు నియమాలు రాసిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ (1895) పొడి అక్షరాలూ ఏబీసీయే!

శనివారం మధ్యాహ్నాల 'ప్రో బౌలర్స్ టూర్'కు గొంతు క్రిస్ షెంకెల్‌ది. ఎక్కువ కాలం ఆయన పక్కన వివరణ చెప్పిన నెల్సన్ బర్టన్ జూనియర్ తానూ విజేతే. టెలివిజన్ మీదికి అయిదుగురే వచ్చేవారు. అయిదోవాడు నాలుగోవాడితో ఆడాలి, గెలిస్తే మూడోవాడితో, ఇలా మెట్టుమెట్టూ ఎక్కాలి. ఆ పద్ధతికి నిచ్చెన పేరే పెట్టారు. డాన్ కార్టర్, డిక్ వెబర్, ఎర్ల్ ఆంథొనీ ఇంటింటి పేర్లయ్యారు. 1975లో ఆంథొనీ ఒక్క ఏడాదిలో లక్ష డాలర్ల బహుమతి దాటాడు. ఆ ఆటలో అది మొదటిసారి.

ఇక 1967 సంగతి. ఆ ఏప్రిల్‌లో ఆక్రన్‌లోనే జాక్ బియాండొలిల్లో వరసగా పన్నెండు స్ట్రైకులు (ఒకే గుండుతో పది పిన్నులూ పడగొట్టడం) కొట్టి, టూర్ ప్రసారాల్లో తొలి 300 సాధించాడు. అంతకుమించిన స్కోరు ఆ ఆటలో లేదు. అదే ఏడాది జనవరిలో రెండు అమెరికన్ ఫుట్‌బాల్ లీగుల విజేతలు తొలిసారి తలపడ్డారు. సీబీఎస్, ఎన్‌బీసీ రెండూ ప్రసారం చేశాయి. ఆ పోటీ సూపర్ బౌల్‌గా స్థిరపడింది. ఇది గిన్నె బౌల్. 1914లో కట్టిన యేల్ విశ్వవిద్యాలయపు స్టేడియం గిన్నెలా ఉందని యేల్ బౌల్ అన్నారు, తర్వాత పాసడీనాలో రోజ్ బౌల్ వచ్చింది. అలా స్టేడియం పేరు పోటీకి ఎక్కింది. సూపర్ బౌల్ మాట తనకు తట్టింది పిల్లల ఆటబొమ్మ 'సూపర్ బాల్' వల్లనని ఆ లీగుల్లో ఒకదాని స్థాపకుడు లామార్ హంట్ చెప్పుకున్నాడు. గిన్నెకు పేరు పెట్టిందీ బంతే!

గిన్నె ఏటేటా నిండింది, బుడగ మెల్లగా చిక్కింది. కేబుల్ ఛానళ్లు ప్రేక్షకులను పంచుకున్నాయి, ప్రకటనదారులు పడుచువాళ్ల ఆటలకు మళ్లారు. 1997లో ఏబీసీ ప్రసారం ఆపింది. ఆటకు అందం తగ్గి కాదు. ఒక్క గుండుతో ఫలితం తారుమారయ్యే చివరి వంతు, పదో ఫ్రేమ్ బిగువు ఇప్పటికీ అలాగే ఉంది. తర్వాత ఆ ఆటగాళ్లు ఎక్కువగా కేబుల్‌లోనే కనిపించారు. 2019లో బౌలర్ల పోటీల ప్రసారాన్ని ఫాక్స్ నెట్‌వర్క్ చేపట్టింది. 2020 ఫిబ్రవరి 2న సూపర్ బౌల్ ప్రసారమైందీ ఫాక్స్‌లోనే.