ఏరిన వరుసలు, జారిన వరుసలు



పెద్ద పట్టికలో నుండి కావలసిన వరుసలను మాత్రమే ఏరుకొనుట నేటి ప్రోగ్రామర్లకు నిత్యకృత్యం. ‘సెలెక్ట్’, ‘ఫ్రమ్’, ‘వేర్’ అనే మూడు మాటలతో ఒక్క వాక్యం వ్రాస్తే చాలు, లక్షల వరుసలలో నుండి పదో పరకో క్షణంలో ముందుకు వచ్చి నిలుస్తాయి. అయితే ఈ విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. మన విశాఖపట్నం జిల్లా ప్రజలందరినీ 1901లోనే రంగు కాగితపు చీటీలుగా మార్చి, గూళ్ళలో వేసి, ఏరి, లెక్కపెట్టినారు. ఆనాటి చీటీలకూ ఈనాటి ఆజ్ఞలకూ మూలసూత్రం ఒక్కటే. తేడా అంతా ఒక్క చోట ఉన్నది: గడి ఖాళీగా ఉన్న వరుసకు ఏ గతి పడుతుంది? ఈ టపా ముఖ్యంగా ఆ ప్రశ్నను గురించే.

1901 మార్చి 1వ తేదీ రాత్రి దేశమంతటా జనగణన జరిగినది. మద్రాసు రాజధానిలో ఆ పనికి పర్యవేక్షకుడు డబ్ల్యు. ఫ్రాన్సిస్. 1907లో వెలువడిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు కర్త కూడా ఈయనే. ఏజెన్సీ ప్రాంతంతో కలిపి నాటి జిల్లా వైశాల్యం 17 వేల చదరపు మైళ్ళకు పైమాట, జనాభా 29,33,650. పట్టణంలో ఉన్నది 40,892 మంది మాత్రమే. కరణాలు, బడిపంతుళ్ళు మొదలైన అక్షరజ్ఞులు ఇల్లిల్లూ తిరిగి మతం, స్త్రీపురుష భేదం, వివాహస్థితి, వయస్సు, కులం, వృత్తి, జన్మస్థలం, భాష, చదువు మున్నగు వివరాలు నింపినారు. మనిషికొక వరుస. అనగా ఇంచుమించు ముప్పది లక్షల వరుసల పట్టిక. అందులో నుండి ‘పదేండ్లలోపు వితంతువులు ఎందరు?’ అన్న ప్రశ్నకు సమాధానం తీయుట ఎట్లు?

1881, 1891 లెక్కలలో అనుసరించిన మార్గం వేరు. పెద్ద కాగితం మీద గళ్ళు గీసి ఉంచేవారు. గుమాస్తా గణన పుస్తకంలోని ఒక్కొక్క వరుసనూ చదివి, తగిన గడిలో ఒక గీత పెట్టేవాడు. ఈ పద్ధతిలో చిక్కేమిటంటే, గీత పడిన తరువాత అది ఏ మనిషిదో తెలియదు. తప్పు దొర్లితే పట్టుకొనుట కష్టం. కొత్త ప్రశ్న వస్తే పుస్తకాలన్నీ మళ్ళీ మొదటి నుండి చదవవలసినదే.

1901లో జనగణన కమిషనరు రిస్లీ హయాంలో చీటీల పద్ధతి వచ్చినది. జర్మనీలోని బవేరియాకు చెందిన గేయోర్గ్ ఫాన్ మేయర్ అనే గణాంకవేత్త దీనికి ఆద్యుడు. ప్రతి మనిషికీ ఒక చిన్న చీటీ. మతాన్ని చీటీ రంగు చెబుతుంది. స్త్రీయో పురుషుడో, వివాహమైనదో లేదో గుర్తులు చెబుతాయి. తక్కినవి సంక్షిప్తంగా వ్రాస్తారు. ఆ చీటీలను గూళ్ళలోకి పంచుతారు. స్త్రీల చీటీలు ఒక వైపు. వాటిలో వితంతువులవి మరల వేరు. వాటిని వయస్సును బట్టి మరల వేరు. చివరకు చేతిలో మిగిలిన కట్టను లెక్కపెడితే అదే సమాధానం. కొత్త ప్రశ్న వస్తే ఆ చీటీలనే కలిపి మరొక విధంగా పంచవచ్చును. పుస్తకానికి కట్టుబడి ఉన్న వరుసకు ఆ విధంగా స్వేచ్ఛ లభించినది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే అని నా అభిప్రాయం.

ఇది కేవలం గుమాస్తాల సౌకర్యం కాదు. వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. బాలవితంతువులు ఊరికొకరో ఇద్దరో అని తేలికగా కొట్టివేయుటకు వీలు లేకుండా, వయస్సునూ వివాహస్థితినీ జోడించిన జనగణన పట్టికలు వారిని అంకెలుగా లోకం ముందు నిలబెట్టినవి. ఏరితేనే కనబడే దుఃఖాలు కొన్ని ఉంటాయి.

ఇదే కాలంలో అమెరికాలో హెర్మన్ హోలెరిత్ 1890 జనగణనకు యంత్రాన్ని సిద్ధం చేసినాడు. అక్కడ 1880 నాటి లెక్క తేలుటకు ఏడేండ్లకు పైగా పట్టినది. చీటీకి బదులు అట్టముక్క, రంగుకూ గుర్తుకూ బదులు రంధ్రం. రంధ్రం ఉన్నచోట విద్యుత్తు ప్రవహించి లెక్క పడుతుంది. 1970లో ఐబీఎం సంస్థకు చెందిన కాడ్, సమాచారమంతటినీ పట్టికలుగా భావించే సిద్ధాంతాన్ని ప్రకటించినాడు. 1974లో అదే సంస్థకు చెందిన ఛాంబర్లిన్, బాయిస్‌లు మామూలు ఇంగ్లీషు వాక్యాన్ని పోలిన ‘సీక్వెల్’ భాషను రూపొందించినారు. నేటి ఎస్‌క్యూఎల్ దాని పరిణామమే. వింత ఏమనగా, ఇందులో ‘సెలెక్ట్’ అన్న మాట ఏరేది వరుసలను కాదు, కాలమ్‌లను. వరుసలను ఏరేది ‘వేర్’ తరువాత వచ్చే నిబంధన.

ఆ నిబంధన వ్రాయుటలో సముచ్చయానికీ వికల్పానికీ ఉన్న భేదం తెలియాలి. విశాఖలో బర్మా క్యాంపు ఉన్న సంగతి ఎరుగుదురు గదా. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చిన పిదప తిరిగి వచ్చిన తెలుగు కుటుంబాల జ్ఞాపకం ఆ పేరులో ఉన్నది. జనగణన పట్టికలో వారిని వెదకాలంటే ‘జన్మస్థలం బర్మా’ అనేదీ ‘మాతృభాష తెలుగు’ అనేదీ రెండు నిబంధనలూ ఒకే వరుసలో నెరవేరాలి. ఇది సముచ్చయం, యంత్రానికి ‘అండ్’. కాని ‘తెలుగు వారినీ ఒరియా వారినీ ఏరి ఇవ్వండి’ అన్నామనుకోండి. మన మాటలో ‘ఊ’ చేర్చి సముచ్చయంగానే పలికినాము. దానిని అట్లే ‘అండ్’ అని వ్రాస్తే ఒక్క వరుస కూడా రాదు; మాతృభాష గడిలో రెండు భాషలు ఉండవు. అక్కడ వ్రాయవలసినది ‘ఆర్’, అనగా వికల్పం.

ఇక ఖాళీ గడి. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో పదాలను ద్రుతప్రకృతికాలనీ కళలనీ విభజించినాడు. ద్రుతం చివర గలవి మొదటివి. అవి కాని సమస్తమూ కళలు. ఏ పదమూ ఈ రెంటికీ బయట మిగలదు. సామాన్యులు ‘కాదు’ అనే మాటను తలచేదీ ఈ విధంగానే. ఎస్‌క్యూఎల్‌లో అట్లు కాదు. వయస్సు వ్రాయని గడిని ‘నల్’ అంటారు. ‘వయస్సు అరువదికి తక్కువ’ అని అడిగితే ఆ వరుస రాదు. ‘వయస్సు అరువదికి తక్కువ కానివి’ అని అడిగినా రాదు. ఔను, కాదు అనే రెంటితో పాటు ‘తెలియదు’ అనే మూడవ విలువ కలదు. ‘వేర్’ నిబంధన ఔను అన్న వరుసలనే లోనికి రానిస్తుంది. ఖాళీ గడి గల మనిషి రెండు గుంపులలోనూ చేరక జారిపోతాడు. యంత్రం హెచ్చరించదు కూడా. అతడు కావాలంటే ‘ఈజ్ నల్’ అని పనిగట్టుకొని అడగవలసినదే.

చీటీల కాలంలో ఈ ప్రమాదం లేదు. వయస్సు లేని చీటీ అయినా చేతిలోనే ఉంటుంది. దానిని ఏదో ఒక గూటిలో వేయక తప్పదు. అందుకే నాటి పట్టికలలో ‘పేర్కొననివి’ అనే శీర్షిక కూడా కనబడుతుంది. అయితే వయస్సు తెలియని వారికి గణకుడు చూచి అంచనాగా వ్రాసే ఆచారమూ ఉండెను. నాటి లెక్కలలో సున్నాతోనూ అయిదుతోనూ అంతమయ్యే వయస్సుల వద్ద జనం గుమికూడి కనబడుటకు ఇటువంటి అంచనాలు ఒక ప్రధాన కారణం. ఖాళీని దాచుట ఒక దోషం, ఖాళీని ఊహతో నింపుట మరొక దోషం.

వీటిని మించిన లోపం మరొకటి ఉన్నది: వరుసే లేకపోవుట. నాడు ఎక్కడ ఉన్నవారిని అక్కడనే లెక్కించేవారు. మన తీరం నుండి ఓడ ఎక్కి రంగూనులో కూలికి పోయినవాడు బర్మా లెక్కలోని వాడే గాని విశాఖ లెక్కలోని వాడు కాడు. పట్టికలో లేని వానిని ఏ ‘వేర్’ నిబంధనా ఏరి తేలేదు.

ఇదంతా పాత ముచ్చట కాదు. 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినది. 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా, కులగణనతో సహా జరుపుతామని కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించినది. కులాలన్నిటి లెక్కలను సమగ్రంగా పట్టికలకెక్కించి ప్రకటించుట 1931తోనే ఆగినది. ఓడరేవు వచ్చిన 1933 మొదలు ఉక్కు కర్మాగారం వరకు పని వెదకుకొని వచ్చినవారితో పెరిగిన నగరం మనది. 2011 నాటికే 17 లక్షలు దాటినది. ఇటువంటి ఊరిలో జన్మస్థలం చెప్పలేనివారూ, కులం చెప్పనివారూ, తలుపు తాళం వేసి ఉన్నవారూ తక్కువేమీ కాదు. ఆ వరుసలను ఏరేవారు మీవంటి సాఫ్టువేరు మిత్రులే కావచ్చును.

మీకు నా మనవి ఒక్కటే. వరుసలను ఏరిన ప్రతిసారీ మూడు అంకెలు వ్రాసికొనండి: నిబంధనకు నిలిచినవి, నిలువనివి, తెలియనివి. మూడింటి మొత్తం పట్టిక మొత్తానికి సరిపోవాలి. మూడవ అంకె సున్నా కాకపోతే, ఆ మనుషులు ఎవరో చూడకుండా ఫలితాన్ని ఎవరికీ ఇవ్వకండి.