ప్రభావమా? అనుకరణమా?

నేటి యువకులు కంప్యూటరుపై పరదేశపు దరువులను కూర్చుచుండగా, ఇది ప్రభావమా, అనుకరణమా యని మన పెద్దలు ప్రశ్నించుచున్నారు. బళ్ళారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

ఇచ్చట న్యాయవాదిగా నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) 'విషాద సారంగధర' నాటకమును రచించిరి. నాటకము శుభాంతమే కావలెనను సంస్కృత సంప్రదాయమును విడిచి, పాశ్చాత్యుల విషాదాంతమును స్వీకరించిరి. కాని కథ పరాయిది కాదు. రాజమహేంద్రవరమేలిన రాజరాజనరేంద్రుని యింటి కథ. తెలుగు ప్రేక్షకుడెరిగిన దుఃఖమునే ఆ క్రొత్త మూసలో పోసిరి.

ఒరులు చెప్పినదే మరల చెప్పుట అనుకరణము. ఒరుల రీతిని గైకొని మన మాట చెప్పుట ప్రభావము.

1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరిన పిమ్మట మన బిడ్డల వీనులకు అన్యభాషల పాటలే యెక్కువగా సోకుచున్నవి. వారి దరువును మేము నిషేధింపము; దానిపై నొక తెలుగు మాట నిలిచినదా యని మాత్రమే విచారింతుము.