చేతికందే వేట : విశాఖ మన్యమూ, ఇస్లామీయ సంప్రదాయమూ

విశాఖ మన్యంలో చైత్రమాసం వేట మాసంగా పేరుపొందింది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోందులు మొదలైన తెగలవారు ఇటుకల పండుగ జరుపుకునే ఆ రోజులలో ఊరి మగవారు విల్లంబులు, బల్లేలు చేబట్టి కొండ ఎక్కుతారు. వట్టి చేతులతో దిగివచ్చిన వారిపై ఆడవారు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేయడం ఆచారం. విశాఖపట్నం ఏజెన్సీలోని ఈ చైత్ర వేటను ఎడ్గర్ థర్స్టన్ 1909లో వెలువడిన తన ఏడు సంపుటాల గ్రంథంలో ప్రస్తావించాడు. ఆ కొండలలో అధిక భాగం 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. పండుగ మాత్రం నిలిచే ఉంది.

ఇలా కొండ ఎక్కిన వానికి ఎదుటపడినది ఒంటరి దుప్పి కాక, పిల్లను వెంటబెట్టుకున్న తల్లి అయితే? పెద్దది పరుగెత్తి తప్పించుకోగలదు. పసిది పొదలో నక్కి కదలకుండా ఉండిపోతుంది. దానిని పట్టడానికి విల్లు కూడా అక్కరలేదు. చేయి చాపితే చాలు. వేట నీతి అంతా ఆ చాచిన చేతి దగ్గర తేలుతుంది. ఈ సంగతిని ఇస్లామీయ వ్యాఖ్యాతలు చాలా పూర్వమే గుర్తించారు.

దివ్య ఖుర్ఆన్ ఐదవ సూరా ‘అల్ మాయిదా’ 94వ ఆయతులో, ఇహ్రామ్ దీక్షలో ఉన్న విశ్వాసులను దేవుడు వేట జంతువుల ద్వారా పరీక్షిస్తాడన్న మాట ఉన్నది. ఆ జంతువులు వారి చేతులకూ, ఈటెలకూ అందేంత చేరువలో ఉంటాయట. చేతులు, ఈటెలు అని విడివిడిగా చెప్పడమెందుకు? తొలి తరాల వ్యాఖ్యాత ముజాహిద్ దీనికి చెప్పిన వివరణను తబరీ (మరణం 923) తన బృహద్వ్యాఖ్యలో పొందుపరచాడు. ఈటెకు అందేవి పెద్ద జంతువులు. చేతికి అందేవి వాటి పిల్లలు, గూటిలోని పక్షికూనలు. 628లో హుదైబియా ప్రయాణ సందర్భంలో ఈ ఆయతు అవతరించిందని కొందరు వ్యాఖ్యాతల అభిప్రాయం. ఎడారి దారిలో ఆకలితో ఉన్నవారి బస దగ్గరకే వేట వచ్చి నిలవడం చిన్న పరీక్ష కాదు. అందులోనూ అతి సులభంగా దొరికేది పసిదే.

దీక్షలో ఉండి జంతువును చంపినవాడు దానికి సమానమైన పశువును పరిహారంగా ఇవ్వాలన్నది 95వ ఆయతు శాసనం. ఇక్కడ ధర్మశాస్త్రవేత్తల నడుమ ఒక ఆసక్తికరమైన వాదం నడిచింది. చంపినది జింకపిల్ల అయితే పరిహారం మేకపిల్లతో సరిపోతుందా? చిన్నదానికి చిన్నదే సమానమని ఇమామ్ షాఫియీ పక్షం. మదీనా పండితుడు ఇమామ్ మాలిక్ (మరణం 795) ఒప్పుకోలేదు. పిల్లకైనా, పెద్దదానికైనా పరిహారం ఒక్కటేనన్నాడు. దానికి ‘ముఅత్తా’లో ఆయన చూపిన ఉపమానం మనుష్యులది: హత్యకు గురైనది పసిబిడ్డ అయినా, పెద్దవాడైనా రక్తపరిహారం ఒకటే కదా! షాఫియీ మాట లెక్కకు సరిపోతుంది. అయితే జింకపిల్ల ప్రాణాన్ని దాని మాంసపు తూకంతో కొలవకుండా బిడ్డ ప్రాణం ప్రక్కన నిలిపి చూసిన మాలిక్ దృష్టి ఎక్కువ లోతైనదని అనిపిస్తుంది.

అబూదావూద్ హదీసు సంకలనంలో అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో దైవప్రవక్త (స) కాసేపు ప్రక్కకు వెళ్ళిన సమయంలో సహచరులు ఒక చిన్న పక్షిని, దాని రెండు కూనలను చూచి కూనలను పట్టుకున్నారు. తల్లి వచ్చి రెక్కలు పరచి అల్లాడసాగింది. తిరిగివచ్చిన ప్రవక్త దాని పిల్లలను తీసి దానిని క్షోభపెట్టినది ఎవరని అడిగి, వాటిని తల్లికి తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. ఈ ఉల్లేఖనంలో ఇహ్రామ్ ప్రసక్తి లేదు. పక్షిజాతి తరిగిపోతుందన్న మాటా లేదు. ఉన్నదల్లా తల్లి బాధ ఒక్కటే.

అలాగని షరీఅత్ లేడిపిల్ల మాంసాన్ని హరామ్ చేసిందని చెప్పడం సరికాదు. ఆహారానికై వేట హలాల్. కేవలం వినోదానికై చంపడాన్ని పండితులు గర్హించారు. ప్రాణమున్న జంతువును గురిపెట్టే లక్ష్యంగా నిలపడాన్ని హదీసు నిషేధించింది. చూలుతో ఉన్న జంతువును జిబహ్ చేసినప్పుడు కడుపులో చనిపోయి కనిపించిన పిల్ల గురించి సైతం చర్చ జరిగింది. తల్లి జిబహ్‌యే పిల్లకూ చాలునని షాఫియీ, అబూహనీఫా శిష్యులైన అబూయూసుఫ్, ముహమ్మద్‌లు అన్నారు. గురువు అబూహనీఫా మాత్రం చాలదన్నాడు. తల్లిది వేరు ప్రాణం, పిల్లది వేరు ప్రాణమన్నది ఆయన వాదానికి పునాది. కాబట్టి పసిజంతువును విడిచిపెట్టడం నిషేధంకంటే దయకు చెందిన విషయంగా మిగిలింది. దయను శాసనంగా వ్రాయడం ఎక్కడైనా కష్టమే.

ఆ దయను ముస్లిం చరిత్రకారులు రాజుల కథలుగా చెప్పుకున్నారు. గజనీ పాలకుడు సబుక్తగీన్ (977–997) ఒంటి గుర్రపు సైనికుడుగా ఉన్న కాలంలో ఒక లేడికూనను పట్టి జీనుమీద వేసుకుని వస్తుండగా తల్లి లేడి అరుస్తూ వెంట నడిచింది. అతడు మనసు కరిగి కూనను విడిచిపెట్టాడు. ఆ రాత్రి కలలో అతనికి రాజ్యప్రాప్తి శుభవార్త అందిందట. 11వ శతాబ్దిలో బైహకీ చెప్పిన ఈ కథను, 17వ శతాబ్ది ఆరంభంలో బిజాపూర్ ఆస్థానంలో ఫిరిష్తా తిరిగి వ్రాశాడు. ఆ విధంగా ఇది దక్కను పాఠకులకు చేరింది. బానిసగా జీవితం ప్రారంభించిన వాని వంశానికి గౌరవం కల్పించే కథ ఇది. దీనిని యథాతథంగా చరిత్రగా స్వీకరించనక్కరలేదు. అయినా రాజ్యార్హతకు నిదర్శనంగా యుద్ధ విజయాన్ని కాక విడిచిపెట్టిన కూనను ఎన్నుకోవడం గమనించదగ్గది. మరోవైపు జహంగీర్ తన 50వ ఏటికి తాను స్వయంగా చంపిన జంతువులు 17,167 అని లెక్క వ్రాయించుకున్నాడు. 1618లో ఇక ప్రాణిని చేజేతులా చంపనని మ్రొక్కుకున్నాడు, ఆ మ్రొక్కు చివరిదాకా నిలువకపోయినా.

విశాఖపట్నం జిల్లాలో వేట లెక్కలు జమీందారులవి, దొరలవి. విజయనగరం, జయపురం సంస్థానాలు రెండూ ఒకప్పుడు ఈ జిల్లాలోనివే. విజయనగరం రాజకుమారుడు, క్రికెట్ లోకంలో ‘విజ్జీ’గా ప్రసిద్ధుడైన విజయానంద గజపతిరాజు (1905–1965) మూడు వందలకు పైగా పులులను వేటాడినట్లు ప్రచారంలో ఉంది. పసిజంతువుల రక్షణ చట్టరూపంలో వచ్చింది కూడా ఈ వర్గంవారి కాలంలోనే. మద్రాసు రాష్ట్రంలో 1879 నాటి నీలగిరి వేట చట్టం, దేశమంతటికీ 1912 నాటి వన్యపక్షి, జంతు రక్షణ చట్టం ‘వేట మూత కాలం’ అనే పద్ధతిని తెచ్చాయి. ఈ ఏడు పిల్లలను చంపితే వచ్చే ఏడు తుపాకికి గురి దొరకదన్నది వాటి వెనుక ఉన్న ఆలోచన. పద్ధతి ఇంగ్లండుది. అక్కడి దుప్పులు ఒక ఋతువులోనే ఈనుతాయి. మన చుక్కల దుప్పికి అటువంటి నియమం లేదు. ఏడాది పొడుగునా దాని వెంట పిల్ల కనిపించవచ్చు. పంచాంగం చూచి వేట మూసినవాడు ఆ తల్లిని కాపాడలేడు, తల్లి వెంట పిల్ల ఉన్నదా అని చూచి ఆగినవాడే కాపాడగలడు.

స్వతంత్ర భారతదేశపు 1972 వన్యప్రాణి చట్టం ఈ రెండవ మార్గాన్నీ అనుసరించింది. ప్రత్యేక అనుమతి లేకుండా జంతువుల పిల్లలను, పిల్లతో ఉన్న తల్లిని, కొమ్ములు ఇంకా మెత్తగా ఉన్న దుప్పిని వేటాడరాదని దాని తొలి పాఠం చెప్పింది. 1991 సవరణతో వేట లైసెన్సులే పోయాయి గనుక ఆ నిబంధనకూ అవసరం లేకపోయింది. విశాఖ నగరాన్ని ఆనుకుని ఉన్న కంబాలకొండ, ఒకప్పుడు విజయనగరం రాజుల ఆధీనంలోనిది, తరువాతి కాలంలో అభయారణ్యమైంది. అయితే మన్యంవారికి అటవీ చట్టం దయగా పరిచయం కాలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం మొదలు పోడు మీద, అడవి ఫలసాయం మీద వచ్చిన ఆంక్షలే 1922 మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో ముఖ్యమైనవి. పులుల లెక్క వ్రాయించుకున్నవాడు క్రీడాకారుడుగానూ, పండుగనాడు కుందేలు కొట్టిన గిరిజనుడు నేరస్థుడుగానూ నిలిచిన చరిత్ర ఇది. అడవి తరిగి, చట్టం బిగిసి, ఇటుకల వేట క్రమంగా లాంఛనంగా మారుతున్నది.

వేట సమస్య ఇప్పుడు కొండ దిగి సముద్రానికి చేరింది. ‘అల్ మాయిదా’ 96వ ఆయతు ఇహ్రామ్‌లో భూమిమీది వేటను నిషేధించి, సముద్రపు వేటను అనుమతించింది. తెరచాప పడవల నాటి ఎడారి ప్రయాణికునికి కడలి తరగని ఆహారం. విశాఖ చేపల రేవునుండి బయలుదేరే మరపడవ లాగే ట్రాలు వల సంగతి వేరు. దాని కొస సంచిలోని చిన్న కన్నులలో ఎదగని పిల్లచేపలు, గుడ్లతో ఉన్న తల్లిచేపలు కూడా చిక్కుతాయి. అది చేతికంటె సులభంగా అందుకునే సాధనం. 1994లో ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. తూర్పుతీరంలో వేట విరామం 2015 నుండి 61 రోజులు: ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు. యంత్రం లేని సంప్రదాయ పడవలకు దీనినుండి మినహాయింపు ఉంది. ఆ రెండు నెలలూ పని ఉండని మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలు. చైత్రంలో మన్యంవారు వేటకు కొండ ఎక్కిన కొద్ది రోజులకే, రేవులో మరపడవలు ఒకదాని ప్రక్కన ఒకటిగా కట్టివేయబడి, వలలు ఒడ్డుమీద మరమ్మతుకు పరచబడతాయి.