ఎవరీ పారాడిస్? హ్యారీ-మేఘన్ పెళ్లిలో వినిపించిన ఆ ట్యూన్ ఆమెది కాదా?

2018 మే 19. బ్రిటన్ ప్రిన్స్ హ్యారీ, మేఘన్‌ల పెళ్లి. అక్కడ షెకూ కానే-మేసన్ చెల్లోపై వాయించిన మూడు ట్యూన్లలో ఒకటి 'సిసిలియన్'. కంపోజర్‌గా వేసిన పేరు మరియా తెరేజియా ఫాన్ పారాడిస్. కానీ ఆ ట్యూన్ ఆమెది కాదంటున్నారు పరిశోధకులు.

ఇంతకీ ఎవరామె?

1759 మే 15న వియన్నాలో పుట్టారు. చిన్నప్పుడే చూపు పోయింది. అయినా పియానోలో దిట్ట అయ్యారు. సాలియేరి దగ్గర గానం నేర్చుకున్నారు. 1783లో యూరప్ టూర్‌కు బయల్దేరారు. మొజార్ట్ ఆమె కోసం ఓ పియానో కాన్సర్టో రాసినట్టు ఆయన తండ్రి లేఖలో ఉంది.

పారిస్‌లో ఆమెను చూసి వాలెంటిన్ హావీకి ధైర్యం వచ్చింది. 1785లో అంధుల కోసం స్కూల్ పెట్టారు. బ్రెయిలీ లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిలీ తర్వాత చదివింది ఆ స్కూల్‌లోనే!

మరి స్వరాలు ఎలా రాసేవారు? గుచ్చే పుల్లలున్న ప్రత్యేక పలకపై. ఒపెరాలు, పాటలు కట్టారు. వాటిలో చాలావరకు ఇప్పుడు దొరకడం లేదు. 1808లో వియన్నాలో మ్యూజిక్ స్కూల్ పెట్టి, 1824 ఫిబ్రవరి 1న చనిపోయేదాకా పాఠాలు చెప్పారు.

సరిగ్గా వందేళ్లకు, 1924లో, వయొలినిస్ట్ శామ్యూల్ డష్కిన్ 'సిసిలియన్'ను ఆమె పేరుతో అచ్చేశారు. పాత రాతప్రతి మాత్రం దొరకలేదు. పైగా అది వెబర్ వయొలిన్ సొనాటాను పోలి ఉంది.

అంటే, ఆమెకు పేరు తెచ్చిన ట్యూన్ ఆమెది కాదు. ఆమె కట్టినవేమో ఎవరికీ పెద్దగా తెలియదు. ఆమె అసలు సంగీతం వినాలంటే 1786లో అచ్చయిన 12 పాటలతో మొదలుపెట్టండి.